తెల్ల ఎలుగ్గొడ్డుకు ఒడి నింపిన కత

బోయ మద్దిలేటి అని ఒకడుండె. వాడు ఎట్లాంటోడంటే, అడివిలో అడుగు చూసి ఆ మృగం ఎన్నేండ్లదో, కడుపు నిండి పోయిందో ఆకలితో పోయిందో చెప్పేటోడంట. "ఈ దుప్పి కుంటిది, ఎడమపక్క ఎనక కాలు" అన్నాడంటే అది కుంటిదే. నల్లమల అంచున గుండ్లమడుగు అని ఊరుండె, ఆ ఊరి రెడ్డి కంబగిరిరెడ్డి. ఆయనకు వేటంటే పిచ్చి. వేటకు పోతే ముందర మద్దిలేటి, ఎనక రెడ్డి. పదైదేండ్లు అట్లే తిరిగినారంట ఇద్దరూ. రెడ్డి చెడ్డోడేం కాదు, అది ముందే చెప్తాండా, మల్ల కత మధ్యలో మీరు ఆయన్ను తిట్టుకోవద్దు. కొట్టిన కూర ఇంటింటికీ పంచేటోడంట. కాకపోతే ఆయనకు ఒక రోగముండె. ఎవురి కాడా లేంది తన కాడ ఉండల్ల. వాళ్ళ నడవలో గోడకు మూడు కొమ్ముల దుప్పి తల, తోక లేకుండా పుట్టిన చిరుత తోలు, అడ్డం చారలుండాల్సింది పోయి నిలువు చారలుండే అడివిపిల్లి తోలు, అన్నీ ఏలాడదీసి పెట్టినాడంట. బియ్యం అడగబోయిన ఆడోళ్ళు ఆ గోడలు చూసి, ఎవురికో ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని వచ్చేటోళ్ళంట.

ఇంగొకటుండాది, అది కూడా చెప్పకపోతే కత నడవదు. రెడ్డికి ఒక ఆన ఉండె. ఏమైందంటే, వాళ్ళ నాయన కాలంలో ఈ రెడ్డే ఒక జింకను కొట్టె. కోస్తే కడుపులో పిల్ల ఉండె. కండ్లు కూడా తెరవలేదంట, కాళ్ళు మడుచుకోని ఉండె. రెడ్డి తల్లి అది చూసి, కొడుకును పిలిచి చేతిలో చెయ్యేయించుకునిందంట. నాయనా, నువ్వు తుపాకి పట్టుకుంటావు, నేను వద్దంటే మానేటోనివి కాదు, చూలుతో ఉండే దాన్ని మాత్రం కొట్టనని నా మీద ఆన పెట్టు అని. రెడ్డి ఆన పెట్టినాడు, దాన్ని తప్పలేదు. ఎంత మంచి మృగమైనా సరే, "చూలుదిరా?" అని మద్దిలేటిని అడిగి, వాడు కాదంటేనే తుపాకి మీటకు ఏలు పెట్టేటోడు. ఆయనకు పిల్లలు లేరు మరి. పెండ్లాము ఓబులమ్మ పోని గుడి లేదు, తాగని కషాయం లేదు. ఊర్లో నోర్లు ఊరుకుంటాయా, ఎనక గొడ్డురాలు అనేటోళ్ళు. ఆ యమ్మ ఇన్నా ఇననట్టు పోయేది.

ఇట్ల ఉండంగా ఒక ఎండకాలం, ఇప్పపూలు రాలే దినాల్లో, మద్దిలేటి పెండ్లాము ఉరుకుందమ్మ పూలేరుకొచ్చేకి కొండకు పోయింది. పోతే ఏనుగుబండ మీద ఎవురో దుప్పటి ఆరేసినట్టు కనపడెనంట. ఈ అడివిలో దుప్పటి ఆరేసింది ఎవురప్పా అని దగ్గరికి పోయింది. పోతే దుప్పటి తుమ్మింది. ఎలుగ్గొడ్డు. తెల్ల ఎలుగ్గొడ్డు. మన ఎలుగ్గొడ్లు బొగ్గు మాదిరి ఉంటాయి గదా, అది సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండె. ముక్కు ఎర్రగా, కండ్లు ఎర్రగా. ఎండకు దానికి కండ్లు కనపడవు, ఊకె తుమ్ముతాది. ఉరుకుందమ్మ కదలకుండా నిలబడిందంట. అది తల అటు తిప్పి ఇటు తిప్పి, ఈ యమ్మను చెట్టనుకునిందో ఏమో, పక్కనే కూచోని పూలు తినబట్టె. ఈ యమ్మ ఆ పక్క ఏరుకునింది, అది ఈ పక్క తినింది. ఇంటికొచ్చి మొగునికి చెప్పింది. మద్దిలేటి, "నోరు మూసుకోనుండు, రెడ్డి చెవిన పడిందంటే గోడకెక్కుతాది" అన్నాడంట. అంటే ఏమాయ. నల్లబండ మీద తెల్ల మృగం, రెండు మైళ్ళ నుంచి కనపడ్తాది. బర్రెలోళ్ళు చూసిరి, కట్టెలోళ్ళు చూసిరి, సంతకు పోయేటోళ్ళు చూసిరి. నాలుగు దినాలకు రెడ్డి పిలిపిచ్చినాడు. "ఏరా మద్దిలేటీ, ఊరందరూ చూసినారంట, నువ్వు చూడలేదా?" అని. వీడు, "నేను కిందికి చూసి నడిచేటోన్ని గదా సామీ, అడుగులు చూసుకుంటా" అన్నాడంట.

ఇద్దరూ పోయినారు. పొద్దెక్కి ఉండాది, బండ కాలుతాండాది. అది బండ మీద వీళ్ళకు ఈపు చూపిచ్చి కూచోని, పుట్టలో మూతి పెట్టి చెదలు పీలుస్తాండాది. ఆ పీల్చే చప్పుడు, మనం కారం కారంగా తిని ఉస్సు ఉస్సు అంటాం సూడు, అట్లుండెనంట. ముప్పై గజాలు కూడా లేదు. రెడ్డి తుపాకి ఎత్తి, అలవాటు కదా, అడిగినాడు, "చూలుదిరా?" అని. మద్దిలేటికి తెలుసు అది మగదని. అడుగు చూసి ఎప్పుడో కనుక్కున్యాడు. కాదు అనే మాట నోట్లోనే ఉండాది. అయితే వాని నోరు ఏమనిందంటే, "అవును సామీ, మూడో నెల." వాడే తర్వాత చెప్పుకునేటోడంట, ఆ మాట నేననలేదు, నా నోరు అనింది, నేను కూడా పక్కనుండి ఇన్నా అని. రెడ్డి తుపాకి దించినాడు. ఆ పక్క అది తిరిగి చూసింది. ఇప్పపూలు తిని తిని దాని కడుపు నిజంగానే కుండ మాదిరి ఉండె. "పాపం, మూడో నెలకే ఇంత కడుపా" అన్నాడంట రెడ్డి. "కవలలేమో సామీ" అన్నాడు మద్దిలేటి. అబద్ధం ఒకటి పుట్టిందంటే దానికి తోడు కావల్ల గదా.

నెల నెలా రెడ్డి అడిగేది, నెల నెలా మద్దిలేటి చెప్పేది. ఐదో నెల సామీ. ఏడో నెల సామీ. పది నెలలాయ. "ఏమిరా ఇంగా కనలేదా" అంటే, "ఎలుగ్గొడ్డుకు పన్నెండు సామీ, నల్లవాటికి ఎనిమిదైతే తెల్లవాటికి పన్నెండు" అన్నాడు. తెల్లవాటికి ఎన్ని నెలలో కాదనేకి ఎవురికి తెలుసు, లోకంలో ఉండేదే ఒకటి. ఆఖరికి కనింది అన్నాడు. ఏది పిల్ల అంటే, బండ కింద గవిలో ఉండాది సామీ, బాలింత, దగ్గరికి పోతే మీద పడ్తాది అన్నాడు. బాలింతను కొట్టొచ్చునా అని రెడ్డి ఒక దినమంతా ఆలోచన చేసినాడంట. ఆన చూలుదానికే గానీ బాలింతకు లేదు గదా అని. తల్లి చచ్చిపోయి ఉండె, అడిగేకి లేదు. ఓబులమ్మనడిగితే, "పాలు తాగే పిల్ల ఏమి తిని బతకల్ల" అని లోపలికి పోయింది. సరే, పాలు మరిపినాక చూద్దాం అన్నాడు. పాలు మరిపే లోపలే మద్దిలేటి వచ్చి చెప్పె, మల్ల నీళ్ళోసుకుంది సామీ అని. "మల్లనా? మొగుడెవుడురా?" అన్నాడంట రెడ్డి. "ఎవుడో నల్లోడే సామీ." "మంచోడేనా?" మద్దిలేటి కొంచేపు ఆలోచన చేసి, "ఉన్నంతలో మంచోడే" అన్నాడు.

నవ్వద్దు, చింతపండు గింజలు తీస్తాండారు, నవ్వితే పండులోకి గింజలు పోతాయి, చేతులు చూసుకోని నవ్వండి. ఇప్పుడు ఓబులమ్మ సంగతి చెప్పల్ల. ఆ యమ్మ ఈ మాటలన్నీ తలుపెనక నుంచి ఇంటాండాది. ఒకనాడు బయటికొచ్చి మొగునితో అనింది, "నన్నూ గొడ్డంటారు, దాన్నీ ఎలుగ్గొడ్డంటారు. అదైనా రెండోసారి నీళ్ళోసుకునింది. దానికి పుట్టిల్లు లేదు, ఒడి నింపేటోళ్ళు లేరు. నేను నింపుతా" అని. రెడ్డి, "ఎలుగ్గొడ్డుకు ఒడి యాడుంటాదే?" అన్నాడు. "చీర ఇస్తే ఒడి వస్తాది" అనింది ఆ యమ్మ. ఒక శుక్రవారం పొద్దున్నే తప్పెట్లతో పోయినారంట కొండకు. ఊరి ఆడోళ్ళందరూ పోయిరి, పసుపు, కుంకుమ, గాజులు, ఎండుకొబ్బరి, బెల్లం, అయిదు శేర్ల బియ్యం, జరీ చీర. తప్పెట్ల చప్పుడుకు ఏ మృగమైనా పారిపోవల్ల గదా. అది పోలేదు. బెల్లం వాసనకు బండ మీది నుంచి దిగొచ్చె. ఆడోళ్ళు చీర పరిచి, దాని మీద బియ్యం పోసి, కొబ్బరి పెట్టి ఎనక్కి జరిగినారు. అది వచ్చి బియ్యం మీదనే కూచోని బెల్లం తినింది, కొబ్బరి తినింది, కుంకుమ భరిణె మూతిలో పెట్టుకోని తుమ్మింది. మూతంతా కుంకుమ. ముత్తైదువ మాదిరే ఉండాదని ఆడోళ్ళందరూ అనుకునిరంట. పోయేటప్పుడు చీర కూడా ఈడ్చుకోని గవిలోకి పాయ. మల్లమ్మ అని పేరు పెట్టింది ఓబులమ్మ. ఆ దినం నుంచి వారం వారం కొర్ర సంగటి, బెల్లం ఇంటి నుంచి పోవల్సిందే. మద్దిలేటి మోసుకోని పొయ్యేది. పోతాపోతా వాడు ఉరుకుందమ్మతో, "ఒక మాట అంటి, దాన్ని మోయలేక చస్తాండా" అన్నాడంట. ఆ యమ్మ, "మొయ్యి, బరువున్నా అది బతికుండాది గదా" అనింది.

అట్ల నాలుగేండ్లాయ. రెండు కాన్పులాయ, మూడో కడుపు నడుస్తాండాది. అప్పుడు వచ్చినాడు జంబులరెడ్డి. ఎవురంటే ఓబులమ్మ తమ్ముడు, రెడ్డికి బావమరిది. ఈయన ఇంగా పెద్ద వేటగాడు. ఈయన గోడలు నిండిపోయి, తలలు అటక మీదికెక్కినాయంట. ఊరూరా తిరిగి, ఎవురి కాడా లేంది యాడుండాదో కనుక్కోని కొట్టుకొచ్చేటోడు. మెడలో దుర్భిణి, భుజాన కొత్త తుపాకి, సవారి బండిలో దిగినాడు. కాళ్ళు కడుక్కోకముందే, "బావా, తెల్ల ఎలుగ్గొడ్డుండాదంట. నువ్వు కొట్టవంట. నేను కొడ్తా. ఈ దేశంలో అట్లాంటిది ఇంగొకటి లేదు" అన్నాడు. రెడ్డి, "ఇంగొకటి లేదనే గదరా కొట్టాలనిపిస్తాండాది నీకు" అన్నాడు. "నీకనిపించలేదా?" అన్నాడు జంబులరెడ్డి. రెడ్డి దాచుకోలేదు, "నాకూ అనిపించె. ఆన అడ్డమొచ్చె" అన్నాడు. "ఆన నీది, నాకు లేదు గదా." అప్పుడు ఓబులమ్మ నీళ్ళచెంబు ఇచ్చుకుంటా, "నాయనా జంబులూ, అది నీకు మేనకోడలు" అనింది. ఆయన నవ్వినాడు. ఆ యమ్మ నవ్వలేదు. "నేను ఒడి నింపినా. నా కూతురంటే నీ మేనకోడలు కాదా? మొదటి కాన్పుకే మేనమామ రావల్ల, నువ్వు రాలేదు. ఇప్పుడు తుపాకి పట్టుకోనొస్తివి" అనింది.

ఆ ఊర్లో వరసలు తెలిసిన మనిషి కుమ్మరి ఈరన్న తాత. పెండ్లిండ్లు కుదిరేటప్పుడు ఎవురికి ఎవురు ఏమైతారో ఆయనే తేల్చేది. ఆయన్ను పిలిపిచ్చిరి. ఈరన్న తాత అరుగు మీద కూచోని, సంగతంతా ఇని, ఏళ్ళ మీద లెక్క పెట్టుకోని చెప్పినాడంట, "ఒడి నింపినాక కూతురే. మృగమని వరస మారదు. అక్క కూతురంటే మేనమామ పెండ్లి చేసుకునే వరస ఉండాది, చేసుకుంటానంటే నేను ఒప్పుకుంటా. కాల్చే వరస మాత్రం యాడా లేదు" అని. జంబులరెడ్డి మొకం ఎర్రగాయ. "మీకందరికీ పిచ్చి పట్టింది. రేపు పొద్దున నేను కొండకు పోతా, ఎవురు అడ్డమొస్తారో చూస్తా" అన్నాడు. మద్దిలేటి అరుగు కిందనే కూచోనుండె. వాని కన్ను జంబులరెడ్డి మెడలో ఏలాడే దుర్భిణి మీదనే ఉండె.

పొద్దున అందరూ పోయినారు. రెడ్డి పాయ, ఓబులమ్మ సంగటి గంప ఎత్తించుకోని పాయ, ఈరన్న తాత కట్టె పట్టుకోని పాయ, ఊరు ఊరే పాయ. అది ఎప్పటి మాదిరి బండ కాడనే ఉండాది. దానికేం తెలుసు పాపం. ఈపు దురద పెట్టిందో ఏమో, రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, చెట్టుకు ఈపు ఆనిచ్చి గీరుకుంటాండాది, పొట్ట ఇటు పక్కకు పెట్టి. జంబులరెడ్డి దుర్భిణి కంటికి పెట్టుకున్యాడు. కొంచేపు చూసినాడు. దించి, అద్దాలు పంచెతో తుడిచి, మల్ల పెట్టుకున్యాడు. "బావా" అన్నాడు నెమ్మదిగా, "మీ మల్లమ్మ ఎన్నో నెల?" "ఏడు" అన్నాడు రెడ్డి. "ఒకసారి నువ్వు కూడా చూడు" అని దుర్భిణి ఇచ్చినాడు. రెడ్డి చూసినాడు. ఎంతసేపు చూసినాడంటే, ఆడోళ్ళు సంగటి గంప దించి కూచున్యారంట. రెడ్డి దుర్భిణి దించినాడు. ఓబులమ్మ నాకియ్యి అనింది. ఇయ్యలేదు. "ఏమాయ?" అంటే, "మల్లమ్మ కాదే, మల్లన్న" అన్నాడు.

అందరూ మద్దిలేటి పక్క చూసినారు. వాడు పారిపోలేదు. పారిపోతే రెడ్డి ఎనకపడతాడు, ఎనకపడితే అడుగులు చూసేకి నేనే ఉండల్ల గదా అనుకున్యాడంట. రెడ్డి వాని ముందరికొచ్చి, "ఎందుకురా?" అన్నాడు. మద్దిలేటి చెప్పినాడు, "సామీ, పదైదేండ్లు నీకు అడుగులు చూపిస్తి. దుప్పి దాంకుంటాది, మనం ఎతుకుతాం. చిరుత మనకంటే ముందే మనల్ని చూస్తాది. దాని ఉపాయం దానికుండె, మన ఉపాయం మనకుండె. ఇది యాడ దాంకోవల్ల? చెట్టెనక పోయినా కనపడ్తాది, పొదలో దూరినా కనపడ్తాది. ఎండలో దానికి కండ్లే లేవు. నువ్వు కొడితే, ఎన్ని దినాలు తిరిగితివి రెడ్డీ అని ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు? ఊరోళ్ళంతా సంతకు పోతా పోతా చూసేదాన్ని కొట్టినానంటావా? ఆరేసిన పంచెను కాల్చినట్టుంటాది సామీ." రెడ్డి, "ఆ మాట ఆపొద్దే చెప్పొచ్చు గదరా?" అన్నాడు. "చెప్పింటే ఇడిసిపెడ్తుంటివా?" అన్నాడు వీడు. రెడ్డి ఆలోచన చేసి, నిజమే చెప్పినాడంట, "లేదురా, కొట్టేసి తర్వాత నీ మాట ఇంటుంటి."

ఈ మాటలైతాండంగానే అది సంగటి వాసన పట్టి దిగొస్తాండాది. జంబులరెడ్డి తుపాకి ఎత్తినాడు. "చూలు లేదు, కూతురు లేదు, మేనకోడలు లేదు. అన్నీ తీరిపాయ గదా, జరగండి" అన్నాడు. రెడ్డి అడ్డం పోతాడేమో అనుకున్యారు అందరూ, ఆయన కాళ్ళు రాకపాయ. నాలుగేండ్ల అబద్ధం నెత్తిన పడితే ఎవురికైనా కాళ్ళొస్తాయా. మృగమేమో వచ్చి ఓబులమ్మ ముందర గంప కాడ కూచునింది. కూచోని, ఆ యమ్మ మొకం పక్కకు మూతెత్తి తుమ్మింది. ఆ యమ్మ కొంగుతో మొకం తుడుచుకోని, ఎప్పటి మాదిరి సంగటి ముద్ద తీసి బండ మీద పెట్టింది. అప్పుడు ఈరన్న తాత కట్టె ఊనుకోని ముందరికొచ్చె. "జంబులరెడ్డీ, కొంచెం నిలుపు. వరస మారింది గానీ పోలేదు. కూతురు కాకపోతే కొడుకు. కొడుకంటే నీకు మేనల్లుడు. నీకు కూతుర్లెంతమంది?" ఆయన గురి చూస్తానే, "ఇద్దరు" అన్నాడు. "పెద్దదానికి ఎన్నేండ్లు?" "పద్దెనిమిది... ఎందుకు?" అన్నాడు. అని, తుపాకి కొంచెం దించినాడు. ఓబులమ్మ లేచింది. ఆ యమ్మ ఎకసక్కెం ఆడే మనిషి కాదు, ఏదన్నా నిండు మనసుతో అంటాది. "నాయనా, నిన్న రాత్రి నువ్వే గదా అంటివి, పెద్దదానికి సంబంధాలు చూస్తాండామని. మేనరికం ఇంట్లో పెట్టుకోని బయట ఎందుకు ఎతికేది? వచ్చే బేస్తవారం పసుపు కుంకుమ తీసుకోని అడగనొస్తా. పిల్లోనికి కండ్లు కొంచెం తక్కువ, అది ముందే చెప్తాండా. తాగడు, తిరగడు." ఈరన్న తాత, "వరస కుదిరింది, నేను సాక్షి" అన్నాడు. ఊరోళ్ళందరూ ఊకొట్టినారు. మేనల్లునికి పిల్లనియ్యనంటే ఆ కాలంలో పెద్ద మాట, పంచాయితీ పెడ్తారు. జంబులరెడ్డి అందరి మొకాలు చూసినాడు, ఎవురన్నా నవ్వుతారేమో అని. ఒక్కరూ నవ్వలేదంట. తుపాకి సంచిలో పెట్టుకున్యాడు. "ఇంట్లో ఆడోళ్ళతో మాట్లాడల్ల" అని బండెక్కినాడు. ఆ పోవడం పోవడం, పెద్ద కూతురికి నెలలోపలే వేరే సంబంధం చూసి పెండ్లి చేసేసినాడంట. చిన్నదానికి పన్నెండేండ్లుంటే దాన్ని కర్నాటకంలో చిన్నాయన ఇంటికి పంపినాడు.

మీరందరూ ఇదే బాగుందనుకుంటాండారు గదా. నాకైతే దీని తర్వాతదే కత. మద్దిలేటి ఇంటికొచ్చి కూచున్యాడు, ఎప్పుడు పిలుస్తారో, ఎన్ని దెబ్బలు పడ్తాయో అని. రెండు దినాలు పిలుపు రాలేదు. మూడో దినం ఓబులమ్మ పిలిచింది. పోతే నడవలో చాప మీద చిన్న చిన్న గిన్నెలుండాయంట, వసకొమ్ము, ఆముదం, పాత మెత్తటి గుడ్డలు. రెండు కాన్పులకు ఆ యమ్మ పిల్లల కోసరమని తీసి పెట్టినవి, గవి కాడికి పోయేకి ఎవురూ ఒప్పుకోకపోతే అట్లే ఉండిపాయ. మద్దిలేటి వాటిని చూసి కింద కూలబడినాడు. తిట్టమ్మా, కొట్టమ్మా అన్నాడు. ఆ యమ్మ తిట్టలేదు. "అబద్ధం చెప్తివి, సరే, మంచికే చెప్తివి. కానీ నాకు ముగ్గురు మనవండ్లు, మనవరాండ్లు ఉండారనుకోని నాలుగేండ్లు నిద్రపోతి. ఇప్పుడు లేరంటే యాడికి పోవల్ల నేను? నీ నోటితో కన్నావు గదా, వాళ్ళు ఎట్లుండిరో అదైనా చెప్పు" అనింది. మద్దిలేటి మొదలుపెట్టినాడు. మొదటి కాన్పులో ఇద్దరమ్మా, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. తెల్లది ఈపు మీదెక్కితే నల్లది కిందనుంచి ఏడ్చేది. రెండో కాన్పుది నత్తిగా అరిచేది, ఇప్పపూలు తిని మత్తులో గవి వాకిట్లో పడి దొర్లేది. చెప్పుకుంటా చెప్పుకుంటా వానికే నిజమనిపించి కండ్లల్లో నీళ్ళొచ్చినాయంట. రెడ్డి తలుపెనక నిలబడి ఇన్యాడు. ఈసారి తలుపెనక ఆయన. అన్నీ అయినాక బయటికొచ్చి, "ఆ నత్తిది ఇప్పుడు యాడుండాదిరా?" అన్నాడు. మద్దిలేటి, "అహోబిలం పక్కకు పోయింది సామీ, అక్కడ పుట్టలు మంచివి" అన్నాడు. "పోనీలే" అన్నాడంట రెడ్డి. దెబ్బలు లేవు, ఏమీ లేదు. అంతే.

ఆ తర్వాత ఏమాయనుకున్యారు. రెడ్డి వేటకు పోదామంటే ఊర్లో పెద్ద తంటా వచ్చె. ఈరన్న తాత వరస కలిపినాడు గదా, ఊరందరికీ రుచి తగిలె. దుప్పిని కొట్టబోతే చాకలి తిమ్మక్క వచ్చి, "అది మా ఇంట్లో గంజి తాగి పోతాది, నాకు చెల్లెలు వరస" అనేది. నెమలిని కొట్టబోతే మంగలి నాగన్న, "అది మా అల్లుడు, మొన్న పండక్కొచ్చి పోయె" అనేటోడు. రెడ్డికి తెలుసు అన్నీ ఊకె చెప్తాండారని. తెలిసినా ఏమంటాడు, తాను ఎలుగ్గొడ్డుకు నాయన. అడివిపందికి మాత్రం ఎవురూ చుట్టం కాలేదంట. జొన్నచేన్లు తొక్కి తింటాది గదా, దానికి అన్నా అనేటోడు లేడు, అక్కా అనేటోడు లేడు. పాపం ఆ పందులు మాత్రం ఎప్పటి మాదిరి చచ్చినాయి. మనుషులం అంతే. అది కూడా చెప్పల్ల గదా, దాచిపెడితే కత కడుపులో కుళ్ళిపోతాది.

మల్లన్న ఇంగా తొమ్మిదేండ్లు బతికినాడు. ముసలోడై, పండ్లు ఊడి, సంగటి కూడా పల్చగా చేసి పంపేటోళ్ళంట. ఒక వానకాలం గవిలోనే కన్ను మూసినాడు. మద్దిలేటి వచ్చి చెప్తే రెడ్డి మంగలి నాగన్నను పిలిచి గుండు చేయించుకున్యాడు. కొడుకు పోతే నాయన గుండు చేయించుకునే వాడుక లేదని ఈరన్న తాత అన్నాడంట, ఆయన ఇనలేదు. తోలు తోలుగానే, గోరు గోరుగానే, గవి పక్కన గుంత తీసి పూడ్చినారు, రెడ్డి, మద్దిలేటి ఇద్దరే. పదకొండో దినం పెద్దదినం పెట్టి ఊరంతటికీ అన్నాలు. జంబులరెడ్డి కూడా వచ్చినాడు, మేనమామ రాకపోతే బాగుండదు గదా. తెల్లపంచె కట్టుకోని అక్క కాడ కొంచేపు ఏడ్చి, బంతిలో అందరితో పాటు కూచున్యాడు. నాలుగు ముద్దలు తిన్యాక, వడ్డించే మద్దిలేటి చెవి కాడ వంగి, "ఆ తోలు ఏం చేసినారు?" అని అడిగినాడంట. నెమ్మదిగానే అడిగినాడు, అయినా బంతంతా ఇనిరి. నూరు మంది చేతులు ఆకు మీద ఆగిపాయ. ఓబులమ్మ వాకిట్లో నిలబడి చూస్తాండాది. జంబులరెడ్డి అటు చూసి, ఇటు చూసి, తల దించుకోని, "పప్పు బాగుండాది" అన్నాడంట. మా మేనత్త ఆ బంతిలోనే ఉండె, చచ్చేదాకా చెప్పేది, ఆ పొద్దు పప్పులో ఉప్పే ఎయ్యలేదని.